లోపలి పళ్లెం

చింతపండు పిప్పిని అరచేతిలోకి తీసుకుని ఎల్లేష్ జాంజ్ పళ్లేన్ని అంచు నుంచి నడిమికి రుద్దుతున్నాడు. అంచు నుంచి నడిమికే రుద్దాలి. అడ్డదిడ్డంగా రుద్దితే కంచు మీద గీతలు పడతాయి, గీతల్లో మట్టి చేరుతుంది, మట్టి చేరినచోట మోత చస్తుంది. ఇది నిజమో కాదో ఎవరూ పరీక్షించి చూడలేదు. ఎల్లేష్ మాత్రం భిక్షం బ్యాండులో చేరిన నాటి నుంచి ఈ నియమం తప్పలేదు. రెండు చేతుల్లో రెండు కంచు పళ్లేలు, వాటి నడుమ తోలు పట్టీలు; పెళ్లి ఊరేగింపుల్లో డోళ్ల వెనుక నడుస్తూ వాటిని ఒకదానికొకటి తగిలించడం అతని పని.

ఇబ్రహీంపట్నం బస్సు డిపో అవతలి సందులో బ్యాండు గది ఉంది. ఒక షట్టరు, లోపల మేకులకు వేలాడే ఎర్రకోట్లు, మూలన డోళ్లు. ఈ మధ్యనే వాటి నడుమకు ఒక నాలుగు చక్రాల బండి వచ్చి చేరింది. బండి మీద స్పీకర్లు, కీబోర్డు, వాటి వెనుక కొత్త డ్రమ్ సెట్టు. డ్రమ్ములన్నీ వచ్చాయి గాని వాటి పక్కన నిలిచే ఇనుప కాడల తలలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

భిక్షం ఒక కాడను పట్టుకుని ఊపి చూశాడు. "ఎల్లేషా, వీటికి పళ్లాలు తేవాలె. సింబల్ అంటరంట. పట్నంల దుకాణానికి పోతే మస్తు రకాలుంటయంట, నాకేమెరుక? రేపు నువ్వు రా."

"నేనెందుకన్న? కొట్టెటోడు దయాకర్ గదా."

"ఆనికి కంపెనీల డ్యూటీ. ఆనే చెప్పిండు, కాకను తీస్కపో మామా, కాక చెవి ముందట నా చెవెంత అని."

దయాకర్ భిక్షం మేనల్లుడు. ఆదిబట్ల దాపున ఇనుప రేకును అచ్చుల కింద నొక్కి భాగాలు తీసే కంపెనీలో ప్రెస్ మిషన్ దగ్గర పనిచేస్తాడు. ముహూర్తాల రోజుల్లో బ్యాండుకు వస్తాడు. ఇంతవరకు డోలు, రబ్బరు ప్యాడు తప్ప నిజమైన సెట్టు ముందు కూర్చోలేదు.

ఎల్లేష్ పిప్పిని బొచ్చెలో పడేసి చేయి కడుక్కున్నాడు. ఆ కాడల మీద పళ్లేలు ఎక్కిన తరువాత చేతిజాంజ్‌తో పని ఉండదు. ఆ సంగతి అడగడానికి అతనికి నోరు రాలేదు. అడగకుండానే భిక్షం చెప్పాడు.

"నువ్వు ఫికర్ వెట్టుకోకు. బండి నూకెటోళ్లు గావాలె, గొడుగు వట్టెటోళ్లు గావాలె. నిన్ను ఇడ్సిపెడ్తనా?"

మన వేలితో మన కన్ను పొడిపించడమంటే ఇదే కాబోలని ఎల్లేష్ అనుకున్నాడు. అయినా అతనిలో ముందు కదిలింది కోపం కాదు, చిన్న గర్వం. చెవి నీదేనన్నారు. గర్వం కలిగినందుకు అతనికి తన మీద తనకే రోత పుట్టింది. కోపం ఆ తరువాతే వచ్చింది.

సాయంత్రం ఇంటి ముందు అతని భార్య పోశమ్మ చేపల గంప కడుగుతోంది. మార్కెట్టులో రోజంతా కూర్చుని చేపలు కోసిన చేతులకు పొలుసులు ఇంకా అంటుకునే ఉన్నాయి. సంగతి విని ఆమె గంపను బోర్లించింది.

"నిన్ను తీసేసెటందుకు నువ్వే పోయి సామాను కొనుక్కరావాలె? గొర్రె పోయి కత్తి కొనుక్కొచ్చినట్టున్నది."

"నవ్వకే."

"నవ్వుతలేను. పోకు."

"నేను పోకుంటె ఇంకొకడు పోతడు."

"ఇంకొకడు పోతే ఇంకొకని పాపం. నీకెందుకు?"

 ఇంకొకడు పోతే ఆ పళ్లేలు ఎట్లాంటివి వస్తాయోనన్న దిగులు కూడా తనలో ఉందని భార్యకు చెప్పడం ఎల్లేష్‌కు చేతకాలేదు.

మరునాడు కోఠీలో దుకాణం. లోతైన, ఇరుకైన గది. గోడల పొడుగునా గిటార్లు, తబలాలు, చివరన ఒక ఇనుప కడ్డీకి వరుసగా గుచ్చిన పళ్లేలు. దుకాణం పెద్దాయన గడ్డం నెరిసిన మనిషి. ఎల్లేష్ చేతికి ఒక కర్రపుల్ల ఇచ్చి స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. భిక్షంకు ఫోను వచ్చింది, తుక్కుగూడ పెళ్లివాళ్లు. ఒక చెవి మూసుకుని మాట్లాడుతూ రోడ్డు మీదికి నడిచాడు.

ఎల్లేష్ ముందు ఒక దళసరి పళ్లెం మీద పుల్లను తగిలించాడు. దెబ్బ మేకు దిగినట్టు దిగింది. మోత ముందుకు దూకి, పని ముగించుకుని వెంటనే వెనక్కి తగ్గింది. అందులో తీపి లేదు. ఇంత చిన్న గదిలో అది మనిషిని కసిరినట్టే వినిపించింది. తరువాత అతను ఒక పలుచని పళ్లేన్ని తాకాడు. మొదట ఏమీ కానట్టు అనిపించి, ఆపైన మోత సాంబ్రాణి పొగలాగా పరుచుకుని, గోడలదాకా పోయి, గోడలను తడిమి తిరిగి వచ్చింది. ఎల్లేష్ కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

మూసిన కళ్ల వెనుక అతనికి విషయమంతా విడివిడిగా తెలుస్తూనే ఉంది. భజనలో కూర్చున్నవాడికి చిన్న తాళాలు చాలు. అక్కడ గోడలున్నాయి, పైకప్పు ఉంది, వినడానికే వచ్చిన మనుషులున్నారు. మోత ఎంత సాగితే అంత శోభ. బోనాల ముందు నడిచేవాడికీ, పెళ్లి ముందు నడిచేవాడికీ అది పనికిరాదు. రోడ్డు మీద మోతకు తిరిగి రావడానికి గోడ లేదు. జనరేటరు, హారన్లు, కేకలు దాన్ని పుట్టినచోటే మింగేస్తాయి. అక్కడికి కావలసింది తీపి కాదు, మొన. కసిరినట్టుండే ఆ దళసరి పళ్లెమే రోడ్డు మీద నిలబడుతుంది.

"అందర్ బజాయించెటందుకా, బాహర్‌కా?" పెద్దాయన అడిగాడు. అర్థం కాలేదేమోనని మళ్లీ తెలుగులో అన్నాడు. "లోపలికా, బయటికా? అది చెప్తె మాల్ నేను తీసిస్త."

ఎల్లేష్ రోడ్డు వైపు చూశాడు. భిక్షం వీపు కనబడుతోంది.

"లోపలికి," అన్నాడు. "హాల్ల కొట్టెటందుకు."

"అయితే ఇంక ఎతుకుడేంది, నీ చేతిల ఉన్నదే అసలు మాల్." పెద్దాయన పలుచని పెద్ద పళ్లేన్నీ, కాలితో తొక్కి వాయించే పలుచని జంటనూ గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు.

భిక్షం లోపలికి వచ్చి పెద్ద పళ్లేన్ని వేలి కణుపుతో తట్టాడు. "అబ్బ! గుడిగంట లెక్కున్నది గదరా. మంచిదేనా?"

"ఇంతకంటె మంచిది ఈ దుకాణంల లేదన్న," అన్నాడు ఎల్లేష్.

ఆ మాట నిజమే. తిరుగు బస్సులో, ఒళ్లో కాగితం చుట్టిన పళ్లేలు ప్రతి గతుకుకూ సన్నగా గొణుగుతూ ఉంటే, అతను లెక్క సరిచూసుకున్నట్టు తన మాటలన్నీ సరిచూసుకున్నాడు. భిక్షంతో ఆడిన అబద్ధం ఒక్కటీ లేదు. తప్పు మాట పలికింది ఎవరో తెలియని దుకాణదారుతో. అబద్ధాన్ని అది పనిచేసే చోట కాకుండా పక్కింట్లో పెట్టి రావడం ఇంత సులువని అతనికి అంతవరకు తెలియదు.

బొంగులూరు దగ్గర ఫంక్షన్ హాలులో పెళ్లి. ఉదయం ఎదురుకోళ్లు; సర్వీసు రోడ్డు మలుపులో కారు దిగిన పెళ్లికొడుకును అమ్మాయి తరఫువాళ్లు ఎదురేగి, బ్యాండుతో హాలుదాకా తోడుకురావాలి. దయాకర్ రాత్రి డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని పళ్లేలను చూడగానే ముఖం విప్పారింది.

"కాకా, ఏం తెచ్చినవే! బంగారం లెక్కున్నది."

"బిగించు బిగించు, పిలగాడు దిగుతుండు," అని భిక్షం తొందరపెట్టాడు. పళ్లేల మీద పసుపు కుంకుమలు పెట్టి, బండి ముందు కొబ్బరికాయ కొట్టాడు. జనరేటరు అప్పటికే మొదలైంది. ఎల్లేష్ ఎర్రకోటు తొడుక్కుని బండి వెనుక కమ్మీ పట్టుకున్నాడు. చేతుల్లో జాంజ్ లేకుండా ఊరేగింపులో నడవడం అతనికి అదే మొదలు.

అతను అనుకున్నట్టే అయింది. దయాకర్ చేయి లేచి దిగుతోంది. పళ్లెం వంగి, లేచి, ఎండలో తళుక్కుమంటోంది. మోత మాత్రం బండి దిగడం లేదు. రెండు అడుగుల దూరంలో ఉన్న ఎల్లేష్‌కే అది ఊహించుకుంటే తప్ప వినిపించలేదు. ఇక జరగవలసింది అతని లెక్క ప్రకారం ఒక్కటే. ఆడేవాళ్ల కాళ్లు తడబడాలి. అడుగు ఎక్కడ వేయాలో జాంజ్ చెప్తుందని కదా ఇన్నాళ్లూ అతను నమ్మింది. భిక్షం వెనక్కి తిరగాలి. "ఏందిరా, సప్పుడేది?" అనాలి.

కాళ్లు తడబడలేదు. పెళ్లికొడుకు దోస్తులు చొక్కాలు తడిసేదాకా ఆడారు. కీబోర్డులో ముందే పోసి పెట్టిన తాళం ఒకటుంది. స్పీకర్లలో అదే ఛక్ ఛక్‌మని మోగుతోంది, వాళ్లకు అది చాలు. పిల్ల మేనమామ ఒకాయన బండి దగ్గరికి వచ్చి, "బ్యాండు అదిరింది భిక్షం!" అని భుజం తట్టి పోయాడు. ఫోన్లు పైకి లేచాయి.

భిక్షం వెనక్కి తిరిగాడు. ముఖం నిండా నవ్వు. "చూసినవా ఎల్లేషా, ఎండకు ఎట్ల మెరుస్తున్నదో! ఫోటోల మస్తు పడ్తది!"

ఎల్లేష్ తల ఊపాడు. బండిని తోస్తూనే ఉన్నాడు. పోయినేడాది ఇదే రోడ్డు మీద తాను రెండు చేతులా మోగించిన జాంజ్‌ను ఎవరు విన్నారు? అంతకు ముందటేడు? ఆ ఆలోచనకు నొప్పి లేదు. ఇంట్లో ఒక గది ఉందనుకుని తలుపు తీస్తే గోడ కనిపించినట్టుంది, అంతే.

భోజనాల వేళ బ్యాండువాళ్లకు హాలు వెనుక బల్లలు వేశారు. దయాకర్ వచ్చి ఎల్లేష్ పక్కన కూర్చున్నాడు. బగారన్నం కలిపాడు గాని ముద్ద ఎత్తలేదు.

"కాకా, నిజం చెప్పు. నా దెబ్బ నీకు వినవడ్డదా?"

"ఎందుకు?"

"నాకు వినవడలే." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కొట్టుడు కనవడ్తున్నది, మోత వస్తలేదు. బలమంత పెట్టి కొట్టిన. చెవులు పోతున్నయి కాకా. మా మిషన్ కాడ ఒకాయనకు గిట్లనే అయింది. లావు సప్పుడంత మంచిగనే వినవడ్తదంట, ముందుగాల సన్న మోతలే పోతయంట. మామ మంచిగున్నదంటుండు, అందరు మంచిగున్నదంటున్రు. నాకొక్కనికే వినవడ్తలేదు."

ఎల్లేష్ చేయి విస్తరిలో ఆగిపోయింది.

"ఇంట్ల కరుణకు చెప్పలే. మామకు గుడ చెప్పకు. ఈ రెండు పెండ్లిళ్లు ఎట్లనో ఎళ్లదీసి, చేతగాదని చెప్పి డ్రమ్ము ఇడ్సిపెడ్త. మల్ల నువ్వే జాంజ్ వట్టుకో కాకా. చెవి లేనోనికి ఎందుకది?"

కోరుకున్నది ఇంత దగ్గరికి వచ్చి ఇంత నిదానంగా చేతిలో పడుతుందని ఎల్లేష్ అనుకోలేదు. చేయవలసింది ఏమీ లేదు. మాట్లాడకుండా ఉంటే చాలు.

"తిను, సల్లారిపోతున్నది," అన్నాడు.

ఆ తరువాతి రోజుల్లో ఎల్లేష్ తనను తాను పరిశీలించుకున్నాడు. నేరం చేసినవాడి గుండె దడ తనలో ఉందా అని వెతికాడు, లేదు. నిద్ర పట్టింది. ఆకలి వేసింది. పొద్దున్నే లేచి పోశమ్మ గంపను మార్కెట్టుదాకా మోసి వచ్చాడు. మిషన్ దగ్గర పనిచేసేవాడికి చెవులు ఎట్లాగూ పోయేవే కదా, ఇవాళ కాకపోతే రేపు, అనే వాదన కూడా దొరికింది. వాదన నిక్కచ్చిగానే ఉంది. దాన్ని రెండోసారి చెప్పుకోబోతే మాత్రం నోరు చేదైంది.

"కరుణ వచ్చింది ఇయ్యాల చేపలకు," అంది పోశమ్మ ఒక సాయంత్రం కత్తిపీట తుడుస్తూ. "మొగనికి గాలి సోకిందేమోనంటున్నది."

"ఏమైంది?"

"టీవీ సప్పుడు పెంచుతడంట, మల్ల తగ్గిస్తడంట, పెంచుతడంట. ఇంకోటి ఇను. బిడ్డ సింధును గోడ అవతల నిలవెట్టి గుసగుస మాట్లాడు బిడ్డా అంటడంట. ఆ పిల్లేమో ఏం మాట్లాడాల్నో తెల్వక ఎక్కాలు సదువుతదంట. ఈయన ఇవతల గోడకు చెవి ఆనిచ్చుకుని ఇంటడంట." పోశమ్మ నవ్వబోయి భర్త ముఖం చూసి ఆగింది. "ఏందయ్యా, గట్లయినవ్?"

"ఏం లేదు."

"నీకేమన్న ఎరుకనా?"

ఎల్లేష్ లేచి చెప్పులు వేసుకున్నాడు. "దయాకర్ ఇంటికాడ ఉన్నడా ఇప్పుడు?"

"ఉన్నడంట. ఇయ్యాల కంపెనీకి సెలవు."

బ్యాండు గది తాళపుచెవి భిక్షం ఇంట్లో అడిగి తీసుకుని, దయాకర్‌కు ఫోను చేశాడు. పొద్దు ఇంకా కుంకలేదు. దయాకర్ వచ్చేసరికి షట్టరు సగం ఎత్తి ఉంది.

"ఏంది కాకా, జల్ది రమ్మన్నవ్?"

"లోపలికి రా."

వంగి లోపలికి వచ్చాక ఎల్లేష్ షట్టరును నేలదాకా దించాడు. డిపో చప్పుడు తెగిపోయింది. బల్బు వేసి, బండి మీది డ్రమ్ సెట్టు వైపు చేయి చూపించాడు.

"పెద్ద పళ్లెం కొట్టు. మెల్లగ. పుల్ల కొనతోని."

దయాకర్ అతని ముఖం చూశాడు, పళ్లేన్ని చూశాడు. తాకితే కాలుతుందేమోనన్నట్టు పుల్లను ఆనించాడు. మోత లేచింది. ఎర్రకోట్ల మీదికి, డోళ్ల చర్మాల మీదికి, షట్టరు మడతల్లోకి నిదానంగా పరుచుకుంది. దయాకర్ తల పక్కకు వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. మోత సన్నబడి, దారమై, పోగై, ఇక లేదనుకున్న తరువాత కూడా ఇంకొంచెం ఉండి, ఆగింది.

"ఎందాక వినవడ్డది?"

"ఆఖరిదాక. ఆఖరిదాక విన్న కాకా!" మళ్లీ కొట్టాడు. చిన్న జంటను కాలితో తొక్కాడు, పుల్లతో గీరాడు, వేలితో మీటాడు. "వస్తున్నది... ఇంకా వస్తున్నది... అగో, గిప్పుడు పోయింది!" పకపకా నవ్వాడు. ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "నా చెవులకేం కాలే!"

"నీ చెవులకేం కాలే. నీ చెయ్యికి గుడ ఏం కాలే. ఇవి లోపలి పళ్లాలు. గోడలుంటేనే మోగుతయి. రోడ్డుకు లావు రకం ఉంటది, అవి వేరే."

"మరి జెప్పవేందే! నేనెంత పరేషానైన్నో ఎరుకనా?" నవ్వు ఇంకా దయాకర్ ముఖం మీదనే ఉంది. "నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధానికి ఇంకా చోటుంది. పెళ్లి రోజు రోడ్డు మీద తెలిసిందనవచ్చు. ఇవాళే తట్టిందనవచ్చు. రెండూ నమ్మదగినవే.

"దుకాణంల," అన్నాడు ఎల్లేష్. "ఆయన అడిగిండు, లోపలికా బయటికా అని. లోపలికని నేనే చెప్పిన."

దయాకర్ ముఖం మీది నవ్వు ఒక్కసారిగా పోలేదు. ముందు కళ్లలో ఆగింది, పెదవుల మీద కాసేపు దిక్కులేకుండా ఉండిపోయింది. అతను ఎల్లేష్‌ను చూడలేదు. మూలన మేకుకు తోలు పట్టీలతో వేలాడుతున్న చేతిజాంజ్‌ను చూశాడు. ఎందుకని అడగవలసిన పని లేకపోయింది.

"నా బిడ్డను గోడ ఎన్కకు నిలవెట్టిన," అన్నాడు చివరికి.

"ఇన్న."

"అది ఎక్కాలు సదివింది."

ఎల్లేష్ తల వంచుకోలేదు. వంచుకుంటే క్షమాపణ అడిగినట్టవుతుంది. అడిగే హక్కు తనకు ఇంకా రాలేదని అతనికి అనిపించింది. తిట్టినా, కొట్టినా నిలబడాలనే సిద్ధపడి వచ్చాడు. దయాకర్ తిట్టలేదు. కాడ తల మీది మర తిప్పి పెద్ద పళ్లేన్ని ఊడదీశాడు, ఆపైన చిన్న జంటను. గుడ్డలో చుట్టి ముడివేశాడు. ముడి గట్టిగా పడిందో లేదో లాగి చూసి, ఎల్లేష్ చేతుల్లో పెట్టాడు.

"రేపు పోయి మార్చుకరా. తుక్కుగూడ పెండ్లికి రోడ్డు మీద మోగేటియి గావాలె."

"నువ్వు గుడ రా. నువ్వే విని తీస్కో."

"నాకు డ్యూటీ ఉన్నది."

"మరి భిక్షమన్నకు?"

"మామకు ఏం చెప్తవో నువ్వే చెప్పుకో." షట్టరు కింద చేయి పెట్టి ఒక్క ఊపున ఎత్తాడు. వెలుగూ, బస్సుల రొదా కలిసి లోపలికి వచ్చాయి. "చెవి నీదే గదా. నువ్వే తే."

అది నమ్మకమో శిక్షో ఆ గొంతులో తెలియలేదు. ఈసారి ‘కాకా’ అనలేదన్నది మాత్రం ఎల్లేష్‌కు స్పష్టంగా తెలిసింది.

భిక్షంకు ఆ రాత్రే చెప్పాడు. భిక్షం మొదట నమ్మలేదు, తరువాత నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆఖరున, "మంచిగనే మెరిసినయి గదరా," అన్నాడు, చేజారుతున్న వస్తువును చూస్తున్నట్టు.

మరునాడు దుకాణంలో పెద్దాయన మూట విప్పి పళ్లేలను తిప్పి చూశాడు. ఎక్కడా చిట్లలేదు. అంచున పసుపు మరక మాత్రం ఉంది.

"ఏమైంది భాయ్? హాల్ల బాగ మోగలేదా?"

"హాల్ల మోగుతయి. నాకు బయటికి గావాలె. నాడే బయటికి గావాల్సుండె."

పెద్దాయన మూటను పక్కకు జరిపాడు. లేచి, కడ్డీ మీద నుంచి దళసరి రకాలు తీసి ముందు పెట్టాడు. ఎల్లేష్ ఒక్కొక్కదాన్నీ చేతిలో తూచాడు. గోరుతో గీరాడు. గదిలో మాత్రం ఒక్కదాన్నీ కొట్టలేదు. బరువుగా ఉన్నదాన్ని ఎంచి, నడుమ చిల్లులో తోలు పట్టీ దూర్చి, పుల్ల తీసుకుని, గుమ్మం దాటి ఫుట్‌పాత్ మీదికి వచ్చాడు.

మధ్యాహ్నపు రద్దీ. బస్సు వెనుక బస్సు, ఆటోల హారన్లు, అరటిపండ్ల బండ్లవాళ్ల కేకలు. రోడ్డుకు అవతల చెరుకు రసం మిషన్ దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకడు ఇటు వీపు పెట్టి గ్లాసు తాగుతున్నాడు.

ఎల్లేష్ కొట్టాడు. మోత కసిరింది. తీపి ఏ మూలా లేని ఆ మొన బస్సుల నడుమ నుంచి దారి చేసుకుని పోయింది.

అవతల గ్లాసు ఆగింది. ఆ మనిషి వెనక్కి తిరిగి ఎక్కడి నుంచా అని వెతుకుతున్నాడు.

ఎల్లేష్ మళ్లీ కొట్టాడు. ఆ చూపు రోడ్డు దాటి, బస్సు పోయేదాకా ఆగి, వెతికి వెతికి తనను చేరేదాకా కొడుతూనే ఉన్నాడు. తరువాత అరచేత్తో అంచు పట్టి మోతను ఆపాడు. లోపలికి వచ్చి పళ్లేన్ని బల్ల మీద పెట్టాడు.

"ఇదే," అన్నాడు.